చూసినందుకు డబ్బులా సార్?

"సార్, మన ఫ్యాన్లు కట్టేసే ఆయన పోయాడండి. పొద్దున పొలంలోనే పడిపోయాడంట. గుండెపోటు అంటన్నారు."

ఫోన్ చేసింది మా కాలేజీ ఆఫీసు గుమాస్తా. చనిపోయినవాడి పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫ్యాన్లు కట్టేసే ఆయన అంటే మా ఊళ్లో ఒక్కడే. ఇక్కడ కూడా అతని పేరు రాయను. ఒక జాబితాలో అతని పేరు ఉండి తీరాల్సింది, లేకుండా పోయింది. ఆ పోవడంలో నా చెయ్యి ఉంది. ఇప్పుడు నా రాతలో అతని పేరు ఎక్కించి ఏదో మేలు చేసినట్టు కూర్చోవడానికి నాకు మొహం చెల్లదు.

అతను మా జూనియర్ కాలేజీలో అటెండరు. నేను అప్పట్లో అక్కడ ఇంగ్లీషు లెక్చరర్‌ని. జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే అతను కరెంటు టెస్టర్ పెట్టుకునేవాడు. గంట కొట్టడం, నీళ్లు పట్టడం, తాళాలు వెయ్యడం వరకే అతని ఉద్యోగం. కానీ ఫ్యాన్లూ లైట్లూ కట్టేయడాన్ని మాత్రం దేవుడు తనకే ప్రత్యేకంగా అప్పజెప్పిన పని అనుకునేవాడు. గంట మోగిన నిమిషానికి క్లాసులోకి వచ్చి, పిల్లలు ఇంకా లేవకముందే అన్ని స్విచ్చులూ టకటకా పైకి కొట్టి పోయేవాడు. ఒకసారి స్టాఫ్ మీటింగ్ ముగిసిందనుకుని వచ్చి గదంతా చీకటి చేశాడు. ప్రిన్సిపాల్ గారు, "ఏమయ్యా, మేమింకా మాట్లాడుకుంటున్నాం, కనపడటంలా?" అని కేకలేశారు.

"మాటలకి లైటెందుకండీ, వినపడతానే ఉండాయిగా," అన్నాడు.

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. అతను నవ్వలేదు. అతను హాస్యానికి అన్న మాట కాదది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే అతనికి ఒంట్లో బాగుండేది కాదు. ఆదివారం చర్చి ప్రార్థన అయిపోగానే గుళ్లో మైకు కట్టేసేది అతనే. పాస్టరు గారు ఆమెన్ అనీ అనకముందే. పెళ్లిళ్లకు వెళితే పట్టపగలు వెలిగే సీరియల్ బల్బుల తీగ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోయి పీకేసి వచ్చేవాడు. మా ఇంటికి మొదటిసారి ఏవో కాగితాల మీద సంతకానికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, "సార్, మీ ట్యాంకు పొర్లతంది," అని నేరుగా పెరట్లోకి పోయి మోటారు కట్టేశాడు. ఆ రోజు నుంచీ మా ఆవిడకి అతనంటే మహా గౌరవం. ఈ పని పాతికేళ్లుగా నాకు చెబుతోందిట.

అతనికి ఇంకో బతుకు ఉంది. దర్శి రోడ్డులో మూడెకరాల మిరప. సొంతం కాదు, కౌలు. అదీ నోటి కౌలు. మా వైపు పొలాలన్నీ అంతే. ఆసామీ అరుగు మీద కూర్చుని, ఎకరాకి ఇంత అని ఒక మాట అనుకుంటారు, అయిపోతుంది. కాగితం ఉండదు. కాగితం అడిగినవాడికి మరుసటేడు పొలం ఉండదు. నాకూ రెండెకరాలుంది. నేనూ నోటి కౌలుకే ఇచ్చాను. ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే దాచిపెట్టినట్టు ఉంటుంది.

ఒక ఏడు మిరప పూతకి నల్ల తామర పురుగు పట్టింది. పూతంతా రాలిపోయి చేలు మొండి కట్టెలు నిలబెట్టినట్టు అయ్యాయి. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఎవరి పేరున పొలం ఉంటే వాళ్ల ఖాతాలో వేసింది. కౌలుదారు అని రుజువు చేసుకుంటే కౌలుదారుకే ఇస్తామన్నారు, నిజమే. రుజువు ఎక్కణ్నించి తెస్తారు? కాలేజీ వరండాలో బకెట్లో నీళ్లు నింపుతూ అతను నాతో అన్న మాట ఇది:

"పురుగు మాకు పట్టింది సార్. డబ్బు ఆసామికి పట్టింది."

అన్నాక పంపు కట్టేసి, చుక్క కూడా కారకుండా ఇంకోసారి బిగించి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వేసవికి నేను రిటైరయ్యాను. సెలవులు అయ్యాక మా కాలేజీకి ఒక శిక్షణ కంపెనీ కుర్రాళ్లు వస్తే చూద్దామని నేనూ వెళ్లాను. పిల్లలకి క్లౌడ్ గురించి రెండు రోజుల పాఠం. మన ఫొటోలు, మన వెబ్ పేజీలు మన దగ్గర కాకుండా ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లలో దాచుకోవడం ఎలాగో చెప్పారు. పిల్లలు వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకున్నారు. ప్రొజెక్టరు కట్టేయడానికి నిలబడిన మా అటెండరు మాత్రం రెండు రోజులూ గోడకి ఆనుకుని, హాజరు పట్టీ వెనక రాసుకున్నాడు. చివర్లో "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంటే హాలంతటికీ చెయ్యెత్తింది అతనొక్కడే.

"ఏడాది పాటు ఊరికేనాండీ?"

"పూర్తిగా ఫ్రీ అంకుల్," అన్నాడు ఆ కుర్రాడు.

దానికొక క్రెడిట్ కార్డు నంబరు మాత్రం ఇవ్వాలిట. ఊరికే ఇచ్చేదానికి కార్డెందుకని నాకు అప్పుడు తట్టలేదు. అతనికి కార్డు లేదు. నాకుంది, రిటైరైనప్పుడు బ్యాంకు వాళ్లు బలవంతాన అంటగట్టింది. అతను మా వరండాలోకి వచ్చి, చెప్పులు మెట్ల కింద వదిలి, నిలబడే అడిగాడు.

"మీ కార్డు ఒకసారి కావాలి సార్. రెండు రూపాయలు తీసుకుని మళ్లీ ఏస్తారంట. మీరేనని తెలుసుకోటానికి."

"ఏం చేస్తావయ్యా దాంతో?"

చెప్పాడు. తనలాంటి కౌలు కుటుంబాలు ముప్పై ఆరు ఉన్నాయి. నాటు వేసిన రోజు నుంచి కాయ కోసేదాకా వారం వారం ఎవరి చేలో వాళ్లని నిలబెట్టి ఫొటో తీస్తాడు. వెనకాల కాలవ గట్టో, హద్దు రాయో, విద్యుత్ స్తంభం మీద నంబరో కనపడాలి. ఫొటోలో తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. ఆసామిని కాగితం అడగక్కర్లేదు. రేపు పురుగు వచ్చి ఆఫీసర్లు వస్తే పేజీ తెరిచి చూపిస్తే చాలు.

"అది కోల్డ్ స్టోరేజీ లాంటిది సార్. గుంటూరులో మన కాయ పెడితే రంగు పోదు చూడండి, అట్టాగే ఫొటోలూ ఉంటాయి. నా ఫోన్‌లో అయితే చోటు చాలదు."

నాకు ముచ్చటేసింది. కార్డిచ్చాను. నా సొంత రెండెకరాల కౌలుదారు కూడా ఆ ముప్పై ఆరులో ఉన్నాడని అతను చెప్పలేదు, నేనే తర్వాత పేజీలో చూసుకున్నాను. నా చేలో మొగుడూ పెళ్లామూ నిలబడి ఉన్నారు, ఎండకి కళ్లు చికిలించుకుని. చూసి ఊరుకున్నాను.

ఇక ప్రతి ఆదివారం గుడి కాగానే తెల్ల చొక్కాతోనే మోపెడ్ ఎక్కి చేల వెంట తిరిగేవాడు. ఫొటోలు తీయడం, సాయంత్రం క్లౌడ్‌లోకి ఎక్కించడం, ఎక్కాయని రెండుసార్లు చూసుకుని ఫోన్‌లోవి తుడిపేయడం. తుడిపేయకపోతే మరుసటి వారానికి ఫోన్ నిండిపోయేది. ఆడవాళ్లు కొంగు సర్దుకునేవరకూ ఆగేవాడట. "పెళ్లప్పుడు కూడా ఇన్ని ఫొటోలు తియ్యలేదన్నా మాకు," అని ఒకామె నవ్వేదని చెప్పేవాడు. పేజీ నడిపే యంత్రాన్ని ఆ క్లౌడ్ కంపెనీ వాళ్లు స్క్రీన్ మీద ఒక మీటతో ఆపే వీలు ఇచ్చారు. సాయంత్రం ఆరింటికి దాన్ని కట్టేసి పొద్దున్నే తెరిచేవాడు. ఎవరూ చూడనప్పుడు తిరిగేదంతా దండగ అనేవాడు. కట్టేయకపోయినా ఊరికేనటయ్యా అన్నాను. అయినా కట్టేసేవాడు.

ఆ ఏడు పూత సమయానికి పురుగు మళ్లీ కనపడింది. అతను తన చేలో కూర్చుని ఒక వీడియో తీశాడు. పువ్వును కోసి తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా పాకుతున్న పురుగులు. పురుగు నువ్వు గింజంత ఉంటుంది కాబట్టి బాగా కనపడాలని ఫోన్‌లో ఎంత స్పష్టంగా తీయొచ్చో అంత స్పష్టంగా, అంత బరువుగా తీశాడు. క్లౌడ్‌లో పెట్టి, దాని లింకు అందరికీ పంపాడు. చూడండి, పది మందికీ పంపండి అని కింద రాశాడు. రైతుల వాట్సాప్ గ్రూపులు మీకు తెలియనివి కాదు. ఆ లింకు దర్శి దాటింది, చిలకలూరిపేట దాటింది, గుంటూరు మిర్చి యార్డులో దిగింది.

అప్పుడే అతనికి కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేను సగం నిద్రలో ఉన్నాను. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. ఎనభై అయిదు శాతం అన్న అంకె ఒక్కటీ కనపడింది.

"నూటికి ఎనభై అయిదు వచ్చాయోయ్ నీకు. డిస్టింక్షన్!" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. మరునాడు స్టాఫ్ రూములో అందరికీ బెల్లం జీళ్లు పంచాడు. క్లౌడ్ కంపెనీ ఎనభై అయిదు మార్కులు వేసిందని చెప్పుకున్నాడు. ఊరికే వాడుకునే హద్దులో ఎనభై అయిదు పాళ్లు అయిపోయింది, ఇక జాగ్రత్తపడు అని ఆ మెయిల్ అర్థం. ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన నేను, నాలుగు వాక్యాలు చదవడానికి బద్ధకించాను. ఛీ.

ఆ తర్వాత రోజూ వచ్చి లెక్క చెప్పేవాడు. "ఇవాళ ఆరు వేల మంది చూశారు సార్!" "ఇవాళ పదకొండు వేలు!" అంతమంది చూస్తున్నారంటే అంతమంది చేలు బాగుపడుతున్నాయని అతని సంతోషం. అతను ఎరిగిన లోకంలో చూడటానికి ఖర్చు లేదు. గుంటూరు యార్డులో బస్తా మూతి విప్పి మచ్చు పెడతారు. దారినపోయేవాడు కూడా ఓ కాయ తీస్తాడు, విరుస్తాడు, గింజ చూస్తాడు, వాసన చూసి తుమ్ముతాడు, పారేసి పోతాడు. ఎవరూ ఏమీ అనరు. ఎంత ఎక్కువమంది మూగితే రైతుకి అంత మంచిది. క్లౌడ్‌లో అలా కాదుట. దాచుకోవడానికి డబ్బు తీసుకోరు, హద్దు దాటి చూసినప్పుడల్లా తీసుకుంటారు. చూసేవాడి దగ్గర కాదు, చూపించినవాడి దగ్గర. సాయంత్రం అతను కట్టేసిన యంత్రానికీ ఈ వీడియోకీ సంబంధం లేదు. అది వేరే గదిలో ఉంది. ఆ గదికి స్విచ్చు లేదు.

కొత్త నెల మొదట్లో నా ఫోన్‌కి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఇంత మొత్తం మీ కార్డు నుంచి తీసుకోబోతున్నాం, ఒప్పుకుంటారా అని. ఆ మొత్తం నా నెల పెన్షన్ కన్నా ఎక్కువ. ఒప్పుకోనని కొట్టి, బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించేసి, ఆ తర్వాత అతన్ని రమ్మన్నాను. వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూసేటట్టు అరిచాను.

"నమ్మి కార్డిస్తే నా పెన్షన్ మీదికే తెచ్చావేందయ్యా! ఊరికే అన్నావు గదా, ఇదేనా ఊరికే?"

అతను ఫోన్ తెరిచి బిల్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"చూసినందుకు డబ్బులా సార్?" అన్నాడు చివరికి. నన్ను అడిగినట్టు కూడా లేదు.

"మరి నీ వీడియోని వేలమంది చూశారని గంతులేశావుగా!"

"దీన్ని ఎక్కడ కట్టెయ్యాలి సార్? ఇప్పుడు కూడా ఎవురో ఒకరు చూస్తా ఉంటారు."

నాకు తెలియదన్నాను. మెట్ల మీదే కూర్చుని వెతికి వెతికి ఆ వీడియోని తీసేశాడు. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నాను. మా వరండాలో పగలే లైటు వెలుగుతోంది. తిట్లు తింటూనే లేచి, చెయ్యి చాచి, ఆ లైటు కట్టేసి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే కంపెనీ వాళ్లు అతని ఖాతాకి తాళం వేశారు. బాకీ తీరిస్తే తీస్తామన్నారు. గడువులోగా తీర్చకపోతే లోపలున్నవన్నీ చెరిపేస్తామన్నారు. లోపలున్నవి ముప్పై ఆరు కుటుంబాలు ఏడు నెలలు చేలో నిలబడి దిగిన ఫొటోలు. పురుగు వచ్చినట్టు ప్రభుత్వం ఒప్పుకుంది, మార్చిలో ఆఫీసర్లు విచారణకి వస్తారని కబురు కూడా వచ్చింది. అంత డబ్బు అతను ఎక్కడ తెస్తాడు? పూత రాలిన చేను మీద ఎవరు అప్పిస్తారు? కంపెనీకి తెలుగులో ఒకసారి రాశాడుట. ఈ భాషలో సహాయం చేయలేమని ఇంగ్లీషులో జవాబొచ్చిందిట.

అప్పుడు వచ్చాడు నా దగ్గరికి, రూళ్ల కాగితం మీద ఒక ఉత్తరం రాసుకుని.

"మీరు దీన్ని ఇంగ్లీషులో పెట్టి ఇవ్వండి సార్. మీరు రాస్తే ఇంటారు."

"కంప్యూటర్ పిల్లలు ఎవరైనా రాసిపెడతారు పో."

"పిల్లల ఇంగ్లీషు కాదు సార్, మీది కావాలి. అదీగాక బయట ఎవరికీ చెప్పలా. మావోళ్లకి తెలిస్తే గుండెలు పగులుతాయి."

"అక్కడ పెట్టు. తీరిక చూసుకుని రాస్తాలే," అన్నాను.

రాయలేదు. నాకు కోపం తీరలేదు. పక్కింటివాళ్ల ముందు నా పరువు పోయిందని, నాలుగు రోజులు తిరిగితే బుద్ధొస్తుందని అనుకున్నాను. రిటైరైనవాడికి తీరిక లేకపోవడమేమిటి? మూడుసార్లు వచ్చాడు. ఉత్తరం సంగతి ఒక్కసారీ అడగలేదు. ఒకసారి మా ఆవిడకి పచ్చి మిరపకాయలు తెచ్చాడు. ఒకసారి కుళాయి వాషరు మార్చి వెళ్లాడు. మూడోసారి ఊరికే వచ్చి, బల్ల మీద తన కాగితం మడత విప్పకుండా అలాగే ఉండటం చూసి, "వస్తా సార్," అని వెళ్లాడు. వెళుతూ మోటారు కట్టేశాడు.

కోపమొక్కటే కారణమా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతూ ఉంటాను. ఆ ఫొటోల్లో నా పొలం ఉంది. నా పొలంలో నా కౌలుదారు ఉన్నాడు. ఆ ఫొటోలు లేకపోతే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో నాకు తెలుసు. దాని కోసమే రాయలేదని అనను. దాని కోసం కాదని కూడా గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

మార్చిలో ఆఫీసర్లు వచ్చారు. నేను అక్కడ లేను, నా కౌలుదారు వచ్చి చెప్పాడు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద ముప్పై ఆరు కుటుంబాలూ నిలబడ్డాయి. మా అటెండరు ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. వచ్చిన ఆఫీసరు మంచివాడేనట. "కాగితాలు లేకపోతే పోనీ, ఫొటోలున్నాయన్నారుగా, చూపించండి," అన్నాడట. అతను ఫోన్ తెరిచాడు. పేజీ రాలేదు. మళ్లీ తెరిచాడు. ఖాతా నిలిపివేయబడింది అన్న ఇంగ్లీషు ముక్క ఒక్కటి వచ్చింది. వెనక నుంచి ఒక ముసలామె, "మేం నిలబడి దిగినయ్యే గదయ్యా, యాడికి పోతాయి? సరిగ్గా చూడు," అందట. సరిగ్గానే చూశాడు. మధ్యాహ్నం దాకా చూశాడు. సిగ్నల్ లేదేమోనని ఫోన్ పైకెత్తుకుని రోడ్డు మీదికి వెళ్లి కూడా చూశాడు. తాళం సంగతి ముందే తెలిసినవాడు ఎందుకలా తెరిచి తెరిచి చూశాడో నాకు తెలుసు. సారు రాసే ఉంటాడు, ఈపాటికి తీసే ఉంటారు అనుకున్నాడు.

ఆఫీసరు పొలాలు ఎవరి పేరున ఉన్నాయో రాసుకుని వెళ్లిపోయాడు. పరిహారం ఆ పేర్లకే వచ్చింది. నాకూ వచ్చింది. నా కౌలుదారుకి అందులో సగం ఇచ్చాను. సగమే.

ఆ తర్వాత అతను మా ఇంటికి రాలేదు. కాలేజీలో కూడా ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదుట. ఆదివారాలు చేల వెంట తిరగడం మానేశాడు. ఎదురుపడిన ఒకడు "నిన్ను నమ్ముకుని ఎండలో నిలబడ్డందుకు మంచి పని చేశావన్నా," అంటే తలొంచుకుని పోయాడట. గడువు దాటింది, ఫొటోలు చెరిపేశారు. ఫ్యాన్లు మాత్రం కట్టేస్తూనే ఉన్నాడని గుమాస్తా చెప్పాడు. ఆ మరుసటేడు మళ్లీ అదే చేలో, మళ్లీ నోటి కౌలుకే, మిరప నాటు వేయిస్తూ పడిపోయాడు.

సమాధుల తోటలో మట్టి వేశాక అతని భార్య నా దగ్గరికి వచ్చింది. మిరప కోతకి కూలికి వెళ్లే మనిషి. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"కంపెనీవోళ్లు ఇప్పుడు మా పిలకాయల మీద కేసేస్తారా సార్? ఆయనకి అదే బెంగండి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. మీరు లెటర్ రాస్తారని చెప్పేవాడు."

ఇంటికొచ్చి బల్ల సొరుగు వెతికాను. రూళ్ల కాగితం ఉంది. మడత మొదటిసారి విప్పాను.

"కంపెనీ వారికి నమస్కరించి వ్రాయునది. నేను కాలేజీలో అటెండరును. మూడెకరాలు కౌలుకు మిరప వేస్తాను. మీ స్టోరేజీలో మా ముప్పై ఆరు కుటుంబాల ఫొటోలు పెట్టుకున్నాను. పెట్టినందుకు మీరేమీ తీసుకోలేదు, సంతోషం. పురుగు వీడియో అందరినీ చూడమన్నాను. చూస్తే డబ్బులు పడతాయని తెలియదు. మా యార్డులో కాయ చూసినవారి దగ్గర గానీ చూపించినవారి దగ్గర గానీ తీసుకోరు. ఆ వీడియో తీసేశాను, ఇక ఎవరూ చూడరు. మీ బాకీ ఎగ్గొట్టను, పంట అమ్మి నెలనెలా కడతాను. దయచేసి తాళం తియ్యండి. మార్చిలో ఆఫీసర్లు వస్తారు. ఆ ఒక్క రోజు తెరిచి ఉంచి, తర్వాత కావాలంటే వేసుకోండి. ఇది మా సారు ఇంగ్లీషులో రాస్తారు."

ఇంగ్లీషులో పెట్టడానికి నాకు అరగంట కూడా పట్టలేదు. చివర ఆయన చనిపోయారని, కుటుంబం భయపడుతోందని కలిపి, అతని భార్య దగ్గర ఫోన్ తీసుకుని అతని మెయిల్ నుంచే పంపాను. మూడో రోజు జవాబు వచ్చింది. ఈసారి కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివాను. మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాం. ఆ బాకీని పూర్తిగా రద్దు చేశాం, కుటుంబం ఏమీ కట్టనక్కర్లేదు. మొదటిసారి తెలియక ఇలా జరిగినవారు గడువులోగా రాస్తే మేము సాధారణంగా రద్దు చేసి ఖాతా తెరుస్తాం. చెరిపేసిన ఫొటోలను మాత్రం తిరిగి ఇవ్వలేము.

ఆమెకి ఫోన్ చేశాను.

"జవాబొచ్చిందమ్మా. డబ్బులేమీ కట్టక్కర్లేదట. కేసూ ఉండదట."

"నిజంగానాండీ?"

"నిజమే."

అవతల కాసేపు ఏడుపు వినపడింది. గడువులోగా రాస్తే ఖాతా తెరిచేవాళ్లన్న మూడో వాక్యం చెప్పాలని నోరు తెరిచాను.

"ఆయన చెప్తానే ఉండేవాడండి, సారు రాస్తే ఇంటారని," అంది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోం సార్."

నేను సరేనమ్మా అన్నాను.